తోడు లేనిదే పంపం

గౌరవనీయురాలు అవునో కాదో ఈ ఉత్తరానికి వచ్చే జవాబును బట్టి తేలవలసిన హెడ్ సిస్టర్ గారికి,

మన విశ్వవిద్యాలయ ఆరోగ్య కేంద్రంలో నిన్న ఒక అన్యాయం జరిగింది. చేసింది మీరు.

నేను వచ్చింది గొంతుకి ఒక చప్పరించే బిళ్ల కోసం. సాయంత్రం భోజనశాల ముందు నా ప్రసంగం ఉంది. మీరు నోరు తెరవమన్నారు, తెరిచాను. తెరిచాను కదా అని నాలుగు మాటలు చెప్పబోతే మూయమన్నారు. ఆ తర్వాత చెవుల కింద రెండు వేళ్లతో నొక్కి, "గవదబిళ్లలు. పడుకో నాయనా" అన్నారు. అంతే. మీ అటెండరు నన్ను వెనక గదిలో నాలుగో మంచం మీద కూర్చోబెట్టి, నా చెప్పులు పట్టుకుపోయాడు. విచారణ లేదు, సంజాయిషీ లేదు.

ఒక వక్తకి సరిగ్గా ప్రసంగం రోజే రెండు దవడలూ వాచాయంటే నమ్మడానికి నేను చంటిపిల్లవాణ్ణి కాను. అధికారుల నోటిమాట నమ్మవద్దనీ, ఏది అడిగినా రాతపూర్వకంగా అడగాలనీ నేను చదివిన కరపత్రంలో స్పష్టంగా ఉంది. అందుకే రాస్తున్నాను. నోరు పెగలక కాదు.

నన్ను వెంటనే వదలాలి. నా సంచీలోని కరపత్రాల కట్ట తిరిగి ఇవ్వాలి. జవాబు కాగితం మీదే ఉండాలి.

ఇట్లు,
నిర్బంధంలో ఉన్న నాలుగో మంచం.

తా.క. మింగడం కష్టంగా ఉంది. ఇది డిమాండు కాదు, సమాచారం మాత్రమే.

*

నాలుగో మంచం బాబుకి ఆశీస్సులు.

కాగితం మీదే రాస్తున్నాను, చూసుకో. నిన్ను పట్టుకున్నది నేను కాదు, గవదబిళ్లలు. అది ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు. నువ్వు భోజనశాల ముందు నిలబడి ప్రసంగిస్తే, ముందు వరుసలో విన్నవాళ్లందరూ రెండు మూడు వారాల్లో నీ పక్క మంచాలకు చేరతారు. ఒకసారి వచ్చి తగ్గినవాళ్లకి మళ్లీ మామూలుగా రాదులే. నాకు చిన్నప్పుడే వచ్చిపోయింది, అందుకే ధైర్యంగా నీ దగ్గరికి వస్తున్నాను.

నీ కట్ట ఎక్కడికీ పోలేదు. తలగడ పల్చగా ఉందని దాని కింద పెట్టించాను. రాత్రంతా నువ్వు పడుకున్నది దాని మీదే. పుల్లటివి తినకు, దవడ లాగేస్తుంది. గోరువెచ్చటి నీళ్లు గుక్క గుక్కగా తాగు.

ఇంకో మాట. ఈ గదిలో పడుకున్నవాళ్లని తోడు లేనిదే పంపం. తగ్గాక ఎవరో ఒకరు వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాలి. నీకెవరొస్తారో చెబితే ముందే కబురు పెడతాను.

ఇట్లు,
హెడ్ సిస్టర్.

తా.క. కట్ట సర్దుతూ పైనున్న కరపత్రం చదివాను. మూడో పేజీకి వచ్చేసరికి ఎవరో వాంతి చేసుకున్నారని పిలిచారు. తర్వాత ఏమైంది, ప్రజలు గెలుస్తారా?

*

నిరంకుశ హెడ్ సిస్టర్ గారికి,

మీ జవాబంతా దాటవేతే. పైగా ప్రజల సాహిత్యాన్ని తలగడ కింద తొక్కిపెట్టారు. దానివల్ల నా మెడ పట్టేసింది. ఆ బాధ్యత కూడా మీదే.

ఈ పొద్దుటి నుంచి నేను నిరాహార దీక్షలో ఉన్నాను. మీరు పంపిన రొట్టె ముట్టలేదు. ఇది నా ఒక్కడి పోరాటం అనుకుంటే పొరబాటు. మూడో మంచం మీదున్న పొడుగాయనకీ, ఐదో మంచం మీదున్న నిద్రమొహానికీ చీటీ రాసి చూపించాను. కాసేపటికి ఇద్దరూ తమ రొట్టెలు పక్కకి నెట్టేశారు. మాటల్లేని ఆ సంఘీభావం చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇక తోడు సంగతి. ఎవరో ఒకరు వస్తారు. ఎవరో ఒకరేమిటి, విద్యార్థి లోకమంతా వస్తుంది. మీ గుమ్మం పట్టదు, ముందే చెబుతున్నాను.

ఇట్లు,
దీక్షా శిబిరం, నాలుగో మంచం.

తా.క. ప్రజలు గెలుస్తారు. అది అడగవలసిన ప్రశ్నే కాదు.

*

దీక్షలో ఉన్న బాబుకి,

వాళ్లిద్దరూ రొట్టె నెట్టేసింది నమలలేక. నీ చీటీ వాళ్లు చదవనే లేదు. పొడుగాయన కళ్లద్దాలు నా బల్ల మీదున్నాయి. రెండోవాడి సంగతి నువ్వే చూస్తున్నావు, కళ్లు తెరిచి కూడా నిద్రపోగలడు. రొట్టె పాలలో నానబెట్టి పంపితే ఇద్దరూ గిన్నెలు నాకేశారు. నీ గిన్నె కూడా ఖాళీగానే వచ్చింది. నువ్వు తిన్నావా అని అటెండరుని అడిగితే తనకేం తెలియదని ఒట్టు పెట్టుకున్నాడు. వాడు నీ మనిషైపోయాడు.

విద్యార్థి లోకం అనే అబ్బాయికి కబురు పెట్టాలంటే గది నంబరు కావాలి. అటెండరుని మీ హాస్టలుకి పంపుతున్నాను.

ఇట్లు,
హెడ్ సిస్టర్.

తా.క. దీక్ష చేసేటప్పుడు కూడా మందు వేసుకోవచ్చు. డాక్టరు గారిని అడిగాను.

*

గూఢచారులను నడిపే హెడ్ సిస్టర్ గారికి,

నా గదిలో సోదా చేయించారని పొడుగాయన చెప్పాడు. ఏమేం పట్టుకుపోయారో నాకు తెలియాలి.

గిన్నె ఖాళీ అయిన మాట నిజమే. రొట్టెని నానబెట్టడం మీ వైపు నుంచి మొదటి సడలింపు కనుక దాన్ని స్వీకరించాను. విరామం కూడా ఉద్యమంలో భాగమే.

అసలు విషయానికి వస్తాను. జ్వరం పోయింది, వాపు దిగింది. డాక్టరు గారు స్వయంగా దవడ నొక్కి చూసి, ఇక వెళ్లొచ్చు అన్నారు. అయినా మీరు తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, తోడేది అని కూర్చున్నారు. ఒంట్లో బాగున్నవాణ్ణి ఆసుపత్రిలో ఉంచడం ఏ చట్టంలో ఉంది? విద్యార్థి లోకం ఆలస్యం చేస్తోందంటే అది పరీక్షల వల్ల. రాక కాదు.

ఇట్లు,
అక్రమంగా ఆరోగ్యంగా ఉన్న నాలుగో మంచం.

తా.క. నిన్న మీరు కప్పిన కంబళి తిరిగి ఇవ్వను. ఇది నిరసన. వెచ్చగా కూడా ఉంది.

*

బాబూ,

సోదా కాదు నాయనా. నీకు మార్చుకోవడానికి చొక్కా తెమ్మన్నాను. ఈ ఉత్తరంతోపాటే వస్తోంది. గుండీ ఊడిపోయి ఉంటే కుట్టాను.

అటెండరు గది గదికీ వెళ్లి విద్యార్థి లోకం ఎవరని అడిగాడట. పై అంతస్తులో ఉంటాడేమో చూడమన్నారట. నీ గదిలో ఉండే అబ్బాయి కింది అంతస్తుకి మారిపోయాడు. "మంచివాడేనండీ, కాకపోతే తెల్లారకముందే లేచి కరపత్రాలు పైకి చదువుతాడు. చప్పట్లు కొట్టేదాకా ఆపడు" అన్నాడట. నీకు తోడు రమ్మంటే పరీక్ష ఉందన్నాడు.

నీ మీద కోపంతో అడగడం లేదు. ఎవరో ఒకరు వస్తారని రాశావు. ఎవరు బాబూ?

ఇట్లు,
సిస్టర్.

తా.క. కోపంగా జవాబు రాయాలనిపిస్తే రేపు రాయి. ఇవాళ చొక్కా తొడుక్కుని చూడు.

*

సిస్టర్ గారికి,

చొక్కా సరిపోయింది.

ఎవరూ రారు.

మా అన్నయ్య ఉన్నాడు, దూరాన పనిలో. కబురు పెడితే ఉన్నపళంగా బయల్దేరతాడు. అందుకే పెట్టలేదు. ఇక్కడ నాకు బోలెడుమంది స్నేహితులున్నారని వాడికి రాస్తూ ఉంటాను. ఇప్పుడొస్తే చూపించడానికి ఒక్కడు కూడా లేడు. భోజనశాలలో నా బల్ల దగ్గర ఎవరూ కూర్చోరు. నేను కంచాల మధ్య కరపత్రాలు పెడతాను. కూర అంటితే వాళ్లని కోప్పడతాను. అందరి కోసమే కదా మాట్లాడుతున్నాను, వీళ్లెందుకు లేచిపోతారు అనుకునేవాణ్ణి. ఈ మంచం మీద మాట్లాడకుండా పడుకుంటే తెలిసింది. పొడుగాయన రోజూ పొద్దున నా వైపు తిరిగి చెయ్యి ఊపుతున్నాడు. ఇక్కడికి వచ్చాక నాకు ఎవరైనా చెయ్యి ఊపడం అదే మొదలు.

ఇట్లు,
నాలుగో మంచం.

తా.క. ఇది డిమాండు కాదు, సమాచారం మాత్రమే.

*

చిరంజీవి నాలుగో మంచానికి,

పొడుగాయనని నీకెవరొస్తారని అడిగాను. ఎవరో ఒకరు వస్తారన్నాడు. నిద్రమొహాన్ని లేపి అడిగాను. వాడూ అదే మాట అని మళ్లీ పడుకున్నాడు. ముగ్గురికీ జబ్బు తగ్గింది, ముగ్గురూ నా రొట్టె తింటూ ఎవరో ఒకరి కోసం ఎదురుచూస్తున్నారు.

ఈ నియమం డాక్టరు గారిది కాదు, పైవాళ్లది కాదు. నేను పెట్టింది. ఒంటరిగా గదికి వెళ్లిన పిల్లలు మంచినీళ్లు అందించే దిక్కు లేక మళ్లీ ఇక్కడికే వస్తుంటే చూడలేక పెట్టాను. తోడు రావాలన్నానే గాని, ఆ తోడు బయటి నుంచే రావాలని అనలేదు. పొడుగాయన నీ చెయ్యి పట్టుకుంటాడు, నువ్వు నిద్రమొహం చెయ్యి పట్టుకో. ముగ్గురూ కలిసి నా కళ్లముందు మెట్లు దిగండి. రేపు ఒకళ్ల గదికి ఒకళ్లు వెళ్లి, తిన్నావా అని అడగండి. కరపత్రం తర్వాత ఇవ్వొచ్చు.

ఇట్లు,
సిస్టర్.

తా.క. కంబళి మాత్రం ఇచ్చి వెళ్లు. అది ప్రజల ఆస్తి.

*

మా హెడ్ సిస్టర్ గారికి నమస్కారాలు.

మేం మెట్లు దిగి మూడు వారాలైనా కాలేదు, ఈ ఆరోగ్య కేంద్రంలో మళ్లీ ఒక అన్యాయం జరిగింది. చేసింది మళ్లీ మీరే.

ఇవాళ బిళ్ల కోసం వచ్చాను. నిద్రమొహాన్ని పరీక్షకి లేపడంలో గొంతు పోయింది. మీ కుర్చీలో ఎవరో కొత్త సిస్టర్ ఉన్నారు. మీరేరని అడిగితే వెనక గది చూపించారు. నాలుగో మంచం మీద, రెండు బుగ్గలూ పొంగి, తలకి గుడ్డ చుట్టుకుని మీరు నిద్రపోతున్నారు. చిన్నప్పుడే వచ్చిపోయిందని మాకు ధైర్యం చెప్పారే, అది అబద్ధమన్నమాట. ఈ జబ్బు మీకు నా దగ్గరి నుంచే వచ్చింది. ఇంతవరకు నా నుంచి ఎవరికీ ఏదీ అంటుకోలేదు, చివరికి మీకు ఇది అంటుకుంది.

తగ్గాక తోడు లేనిదే హెడ్ సిస్టర్‌నైనా పంపనని డాక్టరు గారు అన్నారట. ఎవరొస్తారని అడిగితే మీరు కాగితం ముక్క మీద రాసి ఇచ్చారట, ఎవరో ఒకరు వస్తారని. ఆ మాట ఎవరు రాస్తారో, ఎందుకు రాస్తారో నాకు తెలుసు సిస్టర్ గారూ. అటెండరుని నిలదీశాను. ఇంట్లో మీరొక్కరే అని చెప్పాడు. మా ముగ్గురినీ ఒకరికొకర్ని అప్పగించి, మిమ్మల్ని మాత్రం ఎవరికీ అప్పగించుకోలేదు. ఇదే మీరు చేసిన అన్యాయం.

రొట్టె పాలలో నానబెట్టమని చెప్పాను. మాకు ఇక రాదని మీరే రాశారు కనుక, ఈ విశ్వవిద్యాలయంలో మీ పక్కన కూర్చోవడానికి మాకంటే తగినవాళ్లు లేరు. పొద్దున పొడుగాయన వస్తాడు, మధ్యాహ్నం నేను. నిద్రమొహం కూడా వస్తానన్నాడు, ఐదో మంచం ఖాళీగా ఉందా అని అడిగాడు. మీ తలగడ పల్చగా ఉంది. దాని కింద కట్ట పెట్టాను.

ఇట్లు,
మీ తమ్ముడు, మాజీ నాలుగో మంచం.

తా.క. మూడో పేజీ తర్వాత ఏమవుతుందని అడిగారు కదా. నేనూ అక్కడి దాకే చదివాను. అక్కడికి వచ్చేసరికి ఆవేశం ఆగక ప్రసంగానికి లేచిపోయేవాణ్ణి. రేపు వస్తాను, మిగతాది కలిసి చదువుదాం. మీరు చప్పట్లు కొట్టక్కర్లేదు.

మరో తా.క. భోజనశాలలో ఇవాళ పంచిన కాగితం జత చేస్తున్నాను. కూర అంటినా ఎవరినీ ఏమీ అనలేదు.

"విద్యార్థులారా! మన జ్వరం చూసిన చెయ్యి, మన గుండీలు కుట్టిన చెయ్యి ఇప్పుడు నాలుగో మంచం మీద ఒంటరిగా ఉంది. శనివారానికి ఆమెకి నెమ్మదిస్తుంది, కానీ తోడు లేనిదే పంపరు. ఆమె దగ్గర ఒక్క బిళ్లైనా చప్పరించిన ప్రతివాళ్లూ రండి. ప్రసంగం ఉండదు. ఇంటిదాకా నడవడమే. శనివారం సాయంత్రం ఐదు గంటలకు, ఆరోగ్య కేంద్రం మెట్ల దగ్గర."