వెల్లుల్లి కోడికి వేలం పాట

మార్క్ బావకు,

వందనాలు. నీతో మాటలు మానేశాను గానీ ఉత్తరాలు మానతానని ఒట్టు పెట్టుకోలేదు.

కిందటేడు కోత పండుగకు అందరూ మిరపకాయలూ పత్తీ గుడికి తెచ్చారు. నేను నా షెడ్డులో పెంచిన బ్రాయిలర్ కోడిని తెచ్చాను. పాస్టరుగారు కానుకల వేలం మొదలుపెట్టగానే నువ్వు లేచి, "మా బామ్మర్ది కోడిని పాడుకుంటే మసాలా కొనక్కర్లేదు. వెల్లుల్లి, పసుపు, వాము అన్నీ లోపలే ఉన్నాయి" అన్నావు. గుడంతా నవ్వింది. ఒక్కరూ పాట పాడలేదు. దేవుడికిచ్చిన కోడిని చంకలో పెట్టుకుని ఇంటికి తిరిగొచ్చినవాణ్ణి ఈ మండలంలో నేనొక్కణ్ణే. దారిలో కళ్ళు తుడుచుకున్నానని మా ఫెబా అక్కకు కూడా చెప్పలేదు.

దర్శిలో కోళ్ళ మందులు అమ్ముతావు కాబట్టి, జబ్బున్నా లేకపోయినా నీళ్ళలో యాంటీబయాటిక్ కలపమంటావు. నేను టీకాలు మానలేదు. జబ్బు చేస్తే డాక్టరుగారిని పిలుస్తాను. రాని జబ్బుకు మందు పోయడమే మానేశాను. కింద ఊక పొడిగా ఉంచి, దాణాలో నేలవేము పొడీ వెల్లుల్లీ కలుపుతున్నాను. అదీ అలమారెడు పుస్తకాలు చదివి. మందుల అట్టపెట్టెల మీద రేట్లు తప్ప నువ్వేం చదివావు?

ఈసారీ కోడిని తెస్తాను. మళ్ళీ ఎవరూ పాడకపోతే షెడ్డు మూసేస్తాను. నువ్వు మాత్రం నోరు మూసుకుని కూర్చో.

అంకయ్య


బావా,

నిన్న కోడిని బల్ల మీద పెట్టగానే గుడంతా నీ వైపు తిరిగింది. మళ్ళీ చంకలో మోయాలేమోనని భయపడి మొదటి పాట నేనే పాడాను. వెంటనే నువ్వు పైకి పాడావు. ఎగతాళి అనుకుని నేను పెంచాను. నువ్వూ పెంచావు. ఇటూ అటూ చూసి చూసి పాస్టరుగారి మెడ పట్టేసింది. చివరికి నేనే గెలిచాను. జనం చప్పట్లు కొడుతుంటే లేచి దండం కూడా పెట్టాను. చంకలో కోడి కదిలాక గానీ, డబ్బిచ్చి కొనుక్కున్నది నా కోడినేనని తట్టలేదు.

బయట అక్క అసలు సంగతి చెప్పింది. ఏడాదిగా ఎవరిచేతో తెప్పించి నీకు వండిపెడుతున్నవి నా షెడ్డు కోళ్ళేనట. మొన్న కూర మెచ్చుకున్నప్పుడు చెబితే, "ముందే చెబితే తినకపోదును గదే. ఇప్పుడు మానలేను" అన్నావట. ఇన్ని పుస్తకాలు చదివాను గానీ ఇంత మంచి వాక్యం ఎక్కడా దొరకలేదు.

షెడ్డు మూయడం లేదు. ఆదివారం ఆరాధన అయ్యాక అక్కను తీసుకుని భోజనానికి రా. నువ్వు ఓడిపోయిన కోడే వండిస్తాను. మసాలా మాత్రం దర్శి నుంచి కొనుక్కురా. దాని లోపల ఉంటుందని ఆశపడకు.

నీ బామ్మర్ది,
అంకయ్య