చన్నీళ్లకు పోయిన మరక

చిరంజీవి అమ్మడికి,

మీ అమ్మ ఆశీస్సులు. నువ్వూ అల్లుడూ చల్లగా ఉండాలని రోజూ దేవుణ్ణి వేడుకుంటున్నాను. ఇక్కడ అందరం క్షేమమని రాయాలి కదా. మీ నాన్న క్షేమమే. మోకాలి నొప్పి తగ్గింది, గురక తగ్గలేదు. నా సంగతి ఆఖర్న రాస్తాను.

నీ ఉత్తరం పది రోజుల కిందట అందింది. ఫోనులో చెప్పలేక కాగితం మీద పెట్టావని తెలుసు. ఒకే గదిలో అత్తగారూ ఆడపడుచూ మీరిద్దరూ. గోడలకు చెవులుంటాయంటారు, మీకు గోడలే లేవాయె. నేను మా హోటల్ లాండ్రీలో దుప్పట్ల గుట్ట చాటున కూర్చుని చదువుకున్నాను. "తెల్లగా విరిగిన పాలలా పడుతోంది, టికెట్ కౌంటర్లో తొమ్మిది గంటలు కూర్చోలేకపోతున్నాను, దురదకు ఏడుపొస్తోంది" అని రాశావు. ఆ కింద, "నువ్వు చెప్పినట్టే మందు నీళ్లతో రెండు పూటలా లోపలికంటా కడుగుతున్నాను, మంట ఇంకా పెరిగింది. ఇంకాస్త చిక్కగా కలపనా?" అని అడిగావు.

వద్దు తల్లీ. ఆ సీసా ఇవాళే పారబొయ్యి. తప్పు నాది. దుప్పట్లలో క్రిములను చంపే లాండ్రీ మందు ఒంటికీ మేలు చేస్తుందనుకుని దాన్ని నీ పెట్టెలో సర్ది పంపింది నేనే. ఈ మాట ఇక్కడి డాక్టరమ్మతో చెబితే ఆవిడ తల పట్టుకుంది.

"లోపల శుభ్రం చేసుకునే ఏర్పాటు ఒంటికే ఉందమ్మా. మనకు మేలు చేసే క్రిములు అక్కడ కాపలా కాస్తుంటాయి. మీరు మందు పోసి కాపలావాళ్లను చంపేస్తే ఇక దొంగలదే రాజ్యం" అంది.

బయట మాత్రం మామూలు నీళ్లతో కడుక్కుంటే చాలట. వాసన సబ్బులూ పౌడర్లూ వద్దంది. నీ యూనిఫాం నైలాన్‌ది కదా, లోపల వదులుగా ఉండే నూలుబట్ట వేసుకో. చెమటకు తడిస్తే మధ్యాహ్నం మార్చుకో.

"నేనేం పాపం చేశానమ్మా?" అని అడిగావు. పాపం కాదు, పన్ను. పోయిన నెల పన్ను వాచిందని వారం రోజులు మాత్రలు మింగావు చూడు, అలాంటి మాత్రలు వాడాక కాపలా క్రిములు తగ్గి, ఒంట్లో ఉండే బూజులాంటిది పెరగడం మామూలేనట. షుగరున్నా, కడుపుతో ఉన్నా కూడా అలా అవుతుందట. నెల తప్పి ఉంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పు. అయితే నీది అదేనని నేను తేల్చలేను, డాక్టరు చూసి చెప్పాలి. చేపల వాసన వేస్తే ఒక జబ్బు, పచ్చగా నురగలా పడితే మరో జబ్బు. ఆ రెండోది అయితే అల్లుడికీ మందు పడాలి, లేకపోతే నీకు తగ్గినా మళ్లీ వస్తుంది. అతనితో నెమ్మదిగా చెప్పు. నిన్ను అనుమానించేంత తెలివితక్కువవాడు కాడు. మందుల షాపతను ఇచ్చాడని రాశావే, ఆ ఆయింట్‌మెంటు పరీక్ష అయ్యేదాకా పక్కన పెట్టు. పొత్తికడుపులో నొప్పి గానీ జ్వరం గానీ వస్తే ఆ రోజే వెళ్లు.

ఇక నీ ఆఖరి ప్రశ్న. "నీకెప్పుడైనా ఇలా అయిందా అమ్మా?" దీనికి జవాబు రాయడానికే పది రోజులు పట్టింది.

అయింది. ఎనిమిది నెలలుగా అవుతూనే ఉంది.

నాకు నెలసరి ఆగి మూడేళ్లయిందని నీకు తెలుసు. ఆ తర్వాత ఒకనాడు దురదగా ఉండి, నీళ్లలా పడి, లోబట్ట మీద గోధుమరంగు మరక కనబడింది. నేను ఇరవై ఆరేళ్లుగా లాండ్రీలో మరకలు తీసే బల్ల దగ్గర పనిచేస్తున్నదాన్ని. కాఫీ, సిరా, లిప్‌స్టిక్, ఏదైనా చూడగానే చెబుతాను. ఆ మరకను చూసి తుప్పన్నాను. మన స్నానాలగదిలో పైపు తుప్పు పట్టింది కదా, దాని నీళ్లే అనుకున్నాను. మీ నాన్న చేత పైపు కూడా మార్పించాను. పాపం ఆయన ఆదివారమంతా ఆ పైపుతో కుస్తీ పట్టారు.

కానీ అమ్మడూ, తుప్పు చన్నీళ్లకు పోదు. నిమ్మ ఉప్పు వేసి రుద్దాలి. చన్నీళ్లకు పోయేది రక్తం. నా మరక ప్రతిసారీ చన్నీళ్లకే పోయింది. అది చూస్తూనే తుప్పు, తుప్పు అనుకున్నాను. మైల ఒంటితో ఎలా అని దేవుడి ముందు కూర్చోవడం కూడా మానేశాను.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు పనిచోట కుళాయి కింద ఆ లోబట్ట ఉతుక్కుంటుంటే ఇస్త్రీ అక్క చూసింది. ఆవిడ నోరు నీకు తెలుసు కదా.

"ఏమ్మా, ఊళ్లోవాళ్ల మరకలన్నీ చదువుతావు, నీ మరక చదవడం రాదా?" అంది.

"తుప్పక్కా" అన్నాను.

"తుప్పు నీ బుర్రకు పట్టింది. దేవుడి ముందు కూర్చోవడం లేదని కూడా అన్నావు. ఆయనకు తెలియని మరకా ఇది? డాక్టరు దగ్గర సిగ్గు, దేవుడి దగ్గర సిగ్గు. ఇంకెవరికి చూపిస్తావు, నాకా?"

నవ్వబోయి ఏడ్చేశాను. మర్నాడు సెలవు పెట్టి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. నెలసరి ఆగాక ఒక్క చుక్క పడినా వెంటనే రావాలని డాక్టరమ్మ కోప్పడింది. స్కానింగ్‌లో గర్భసంచి లోపలి పొర మందంగా ఉందంది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. "క్యాన్సరా?" అని అడిగాను. "అవునని చెప్పను, కాదనీ చెప్పను. కానీ ముందే దొరికితే ఏదైనా మన చేతిలో ఉంటుంది" అంది. ఫలితం వచ్చే బుధవారం పది గంటలకు. మీ నాన్నకు నిన్ననే చెప్పాను. ఆయన స్నానాలగదిలోకి వెళ్లి చూసొచ్చారు. తర్వాత, "అయితే ఆ పైపు ఊరికే మార్చానా?" అన్నారు. బుధవారం తనూ వస్తానన్నారు.

భయంగా ఉంది అమ్మడూ. నీ దగ్గర దాచను. ఈ రోజు మళ్లీ ప్రార్థనకు కూర్చున్నాను, మాటలు రాలేదు, ఊరికే కూర్చున్నాను.

నువ్వు బుధవారం దాకా ఆగకు. ఉత్తరం అందిన రోజే డాక్టరు దగ్గరికి వెళ్లడానికి సెలవు అడుగు. అత్తగారికి పన్ను నొప్పి అని చెప్పు, అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. వెళ్లేముందు లోపల కడగకు, ఏమీ పూయకు. ఉన్నది ఉన్నట్టు వెళ్లు.

నేను అలాగే వెళ్లాను. ఆ రోజు పొద్దున మరకపడిన బట్టను అలవాటుకొద్దీ కుళాయి కింద పెట్టాను. నీళ్లు తిప్పబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కాగితంలో చుట్టి, డాక్టరమ్మకు చూపించడానికి సంచిలో వేసుకున్నాను. ఇరవై ఆరేళ్లలో ఉతక్కుండా ఒకరి చేతికిచ్చిన బట్ట అదొక్కటే.

ఇట్లు,
నీకన్నా ముందు వెళ్లొచ్చిన
మీ అమ్మ