పొద్దుతిరుగుడు కాడలు

అత్తయ్యకి,

మీరు తలుపు తీయలేదు కాబట్టి ఈ కాగితం కిందినుంచి తోస్తున్నాను. చింపేముందు చదవండి.

నిన్న వీధిలో అందరి ముందూ మీమీద అరిచాను. పొయ్యిలోకని మీరు ఎండబెట్టుకున్న పొద్దుతిరుగుడు కాడల్ని లాక్కుపోయాను. "నీళ్ళు పోసి పెంచింది నేను, పెత్తనం నీదట్రా?" అన్నారు. న్యాయమైన మాటే. కానీ వాటిని కాల్చకూడదు అత్తయ్యా. మూతపడ్డ బ్యాటరీల ఫ్యాక్టరీ నేలలో సీసం ఉంది. కొంచెం కొంచెంగా దాన్ని పీల్చుకుంటాయనే మా సంఘంవాళ్ళం అక్కడ ఆ మొక్కలు వేశాం. మొక్క విషాన్ని మాయం చెయ్యదు, తనలో దాచుకుంటుంది. కాలిస్తే అది పొగలో, బూడిదలో మీ ఇంట్లోకే వస్తుంది.

కరపత్రాలు చదివి, మైకులో "ఈ నేల ప్రజలది" అని గొంతు చించుకున్నాను. వేసవంతా నీళ్ళు పోసిన మనిషికి మాత్రం ఈ ఒక్క ముక్క చెప్పాలని తోచలేదు. "పువ్వులో విషమేంట్రా, పిచ్చి సన్నాసీ" అని మీరు నవ్వినప్పుడే కూర్చుని చెప్పాల్సింది. విసుక్కుని వెళ్ళిపోయాను.

ఒక్క పంటతో నేల బాగుపడదట. ఇంకా కొన్నేళ్ళు పడుతుందని మట్టి పరీక్ష చేసినావిడ చెప్పారు. అందాకా అక్కడ పిల్లలకి మేం అనుకున్న ఆటస్థలం లేనట్టే. "విప్లవం వాయిదా పడిందా?" అని మావాళ్ళే వెక్కిరిస్తున్నారు. పడనివ్వను. ఆదివారం మళ్ళీ విత్తనాలు వేస్తాను. నీళ్ళకి మీ కుళాయి తప్ప దిక్కులేదు.

నిన్న ఆ ఫ్యాక్టరీ నేలమీంచి మీ బిందె, మీ కుర్చీ మీరు పట్టుకుపోయారు. గోడమీంచి వేసిన కుళాయి గొట్టం మాత్రం వదిలేశారు. మరిచిపోయారని ఎవరైనా అంటే వాళ్ళతో పోట్లాడతాను.

మీ మేనల్లుడు