ఎర్ర చుక్క దగ్గర చేయి పెట్టాలి

3వ తేదీ, సోమవారం. ఉదయం 7.30
ఈ రోజు నుంచి నెల రోజులు ఆఫీసు కార్డు ముట్టను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, చర్మం కింద, బియ్యపు గింజంత చిప్పు పెట్టించుకున్నాను. చేయి చూపిస్తే ఆఫీసు తలుపు తెరుచుకోవాలి. కార్డు వెతుక్కుంటూ పాప స్కూల్లో రెండు కార్యక్రమాలకు వెళ్లలేకపోయాను. ఇరవై ఒకటిన నాటకం. పాప కోట కాపలాదారు. ఒకటే డైలాగు. ముందు వరుసలో కూర్చుని వింటానని మాటిచ్చాను.
కార్డు మా ఆవిడకిచ్చి, కాళ్లు పట్టుకున్నా నా చేతికివ్వొద్దన్నాను.
"పట్టుకుంటారుగా, చూద్దాం" అంది.

సాయంత్రం 6.00
మెయిన్ గేటు: ఒక్కసారికే.
లిఫ్టు: రెండోసారికి.
రికార్డుల గది: పదకొండోసారికి.
అలవాటు కావాలి కదా. తలుపుకి.

6, గురువారం
రికార్డుల గది తలుపు ఇనుపది. దాని మీద చిప్పుని చదివే రీడర్ ఉంది కదా, దాని సిగ్నల్ బలమంతా ఆ ఇనుమే మింగేస్తోందట. అరచేయి, చేతి వెనక, పిడికిలి, అన్నీ చూపించాను.
"తలుపుని బతిమాలుతున్నారేంటి సార్, కార్డు తెచ్చుకోండి" అన్నాడు గార్డు బాబాయ్. టెక్నాలజీ అంటే గిట్టదు ఆయనకి.

10, సోమవారం. గెలిచాను!
చిన్న లైటు బిళ్ల తెప్పించాను. రీడర్ మీద జరిపితే బలం ఉన్నచోట వెలుగుతుంది. మధ్యలో వెలగలేదు, కుడి అంచున వెలిగింది. చిప్పు ఆ అంచు వెంట నిలువుగా ఉండాలి. అడ్డంగా పెడితే ఉలుకూ పలుకూ ఉండదు. ఇన్నాళ్లూ అడ్డంగా పెట్టి రీడర్ని తిట్టాను. ప్రతి రీడర్ మీదా సరైన చోట గోళ్లరంగుతో ఎర్ర చుక్క పెట్టాను. అన్నీ ఒక్కసారికే తెరుచుకున్నాయి. సంతోషం పట్టలేక మా ఆవిడకి ఫోన్ చేశాను.
"నా గోళ్లరంగు సీసా మీ దగ్గరుందా?" అంది.

14, శుక్రవారం
రికార్డుల గదికి రెండు తలుపులు, మధ్యలో చిన్న అర. ఒకటి మూసుకున్నాకే రెండోది తెరుచుకోవాలి. ఈ రోజు ఆ రెండోది మొండికేసింది. అత్యవసర బటన్ నొక్కాను. బిల్డింగంతా మెట్లు దిగి రోడ్డు మీదికొచ్చింది. నాకు మెమో వచ్చింది.
ఇందులో చిప్పు తప్పేం లేదు. తొందరలో చేయి వంకరగా పెట్టి ఉంటాను. "మంటలొస్తేనే నొక్కాలి" అని బటన్ మీద ఇంకాస్త పెద్దగా రాయాల్సింది.

21, శుక్రవారం. సాయంత్రం 4.10
అరలో ఉన్నాను. రెండు తలుపులకీ లోపలివైపు చుక్క లేదు. మొన్నటిదాకా ఉంది. ఫోన్ బయట లాకర్లో. చేతిలో ఈ డైరీ ఒక్కటే. నాటకం అయిదింటికి.

4.25
నలభై సార్లు. తలుపుకున్న చిన్న అద్దంలోంచి బాబాయ్ కుర్చీ కనిపిస్తోంది, బాబాయ్ లేడు. సరుకు లారీ వచ్చినట్టుంది.

4.50
బటన్ వైపు చూస్తున్నాను. ఇంకో మెమో వస్తే ఉద్యోగం ఉండదు.

5.00
ఇప్పుడు తెర లేస్తుంది.

5.25
బాబాయ్ వచ్చి తన కార్డుతో తీశాడు. పక్కనే క్లీనింగ్ ఆవిడ, చేతిలో గుడ్డ.
"ఎవరి గోళ్లరంగో అంటిందని నేనే తుడిచానండీ. రెండు రోజులు గీకితే గానీ పోలేదు."
ఆవిడకో దణ్ణం పెట్టి స్కూలుకి పరుగెత్తాను.

7.00
నేను వెళ్లేసరికి స్కూల్లో కుర్చీలు మడతపెడుతున్నారు. ఇంటికొచ్చి తలుపు తట్టాను.
"ఆగు. ఎవరు నువ్వు?" లోపల్నించి పాప.
"నాన్ననమ్మా."
"గట్టిగా చెప్పు."
చెప్పాను. గొళ్లెం తీసింది.
"ఇదే నాన్నా నా డైలాగు. నువ్వు వినలేదుగా."
సిగ్గేసింది. ఏడుపొచ్చింది. చెప్పులు విప్పుతున్నట్టు తల వంచుకుని గడప దగ్గరే చాలాసేపు కూర్చున్నాను.

24, సోమవారం. ఉదయం 7.30
నాటకం బాగుందని వచ్చే నెల ఆరున మళ్లీ వేయిస్తారట. కాబట్టి నేనూ మళ్లీ మొదటి రోజు నుంచి. కార్డు ముట్టను. మా ఆవిడ కూడా మాట తప్పలేదు, కార్డు నా చేతికివ్వలేదు. చొక్కా లోపలి జేబులో పెట్టి కుట్టేసింది. ఇక ముట్టుకోవాల్సిన పనే లేదు, తలుపుకి ఛాతీ ఆనిస్తే చాలు.