నా కొడుకు మంచితనం కొట్టేయమ్మా

ధ్యానం నేర్పే సవితమ్మకు, మధుకుమార్ నాయన సొంత చేత్తో రాసేది.

నీ దగ్గర ధ్యానం నేర్చుకున్న నా కొడుకులాంటి సోలార్ పనివాళ్లకు మనసు నిలిచిందో లేదో ఇంట్లో వాళ్లను అడిగి మార్కులు వేయడానికి నువ్వు వచ్చావు. "నీ కొడుకు నీ మాట వింటాడా తాతా?" అన్నావు. "నా కొడుకా? ఎంత తిట్టినా గమ్మునుంటాడు. కోపమనేదే లేదు" అని మీసం దువ్వుకుంటూ చెప్పాను.

అది వినడం కాదమ్మా. నిన్న వాడి బిడ్డ గడప దగ్గర పడి ఏడుస్తుంటే దాటుకొని పోయాడు.

"ఏందిరా, బిడ్డ కనపడలేదా?" అన్నాను.

"యాడ నాయనా?" అన్నాడు.

భార్య చచ్చిపోయినప్పటి నుంచి వాడి మనసు ఈ లోకంలో లేదు. మార్కులు బాగా వచ్చాయని సోమవారం నుంచి వాడిని కరెంటు ఉన్న తీగల దగ్గర పనికి పెడతారట. బిడ్డనే చూడనివాడు తీగను చూస్తాడా?

నేను ఎవరి ముందూ తల వంచినవాణ్ని కాదు. అయినా అడుగుతున్నా, ఆ మార్కులు కొట్టేసి, నా కొడుకు నా మాట వినడని, వట్టి మొండివాడని నువ్వు రాసెయ్యి. నేనే చెప్పానని రాయి. తెలిసి వాడు నన్ను తిడితే తిట్టనీ. వాడి మనసు మళ్లీ ఈ లోకానికి వచ్చిందని అప్పుడైనా నాకు ధైర్యం వస్తుంది.