బంగారికి పెట్టిన పెరుగన్నం

ఆదోని ఆసుపత్రి. శ్రావణ సోమవారం, 1956.

బంగారీ, ఈ రోజు నీ తమ్ముడు అన్నం తిన్నాడు. నీకొచ్చిన టైఫాయిడే వాడికీ వచ్చింది. నిరుడు ఆకలని ఏడ్చావని లంకణం తప్పించి నీకు పెరుగన్నం పెట్టాను. నువ్వు పోయినప్పటి నుంచి, "జరంలో కూడు పెట్టి బిడ్డను సంపుకుంటివి" అని మీ అవ్వ అంటూనే ఉంది. అందుకే పొద్దున డాక్టరమ్మ మెత్తటి అన్నం పెట్టమంటే గిన్నె పక్కన పెట్టేశాను. నీ సంగతి చెప్పి ఏడ్చాను.

"ఆ బిడ్డ పోయింది అన్నంతో కాదులేమ్మా. ఈ జరం తెచ్చే క్రిమి నీళ్లలో ఉన్నప్పుడు ఊరికే పడుంటాది. మనిషి కడుపులో వెచ్చదనం తగిలితే గుణం మార్చుకుంటాది. దాచుకున్న విద్యలన్నీ అప్పుడు బయటికి తీస్తాది. దాంతో పోరాడేకి బిడ్డకు కూడు కావల్ల" అందామె. దండం పెట్టబోతే, "ముందు వానికి పెట్టుపో!" అని కసిరింది.

మన మగ్గం గుర్తొచ్చింది. పడుగులో నిలువు పోగులు అవే, వాటిలో పైకి లేచేవాటిని బట్టి అంచు మీది బొమ్మ మారుతుంది. కంటికి కనపడని క్రిమికి ఆ వెచ్చదనం మనిషి కడుపుదేనని ఎట్లా తెలుస్తుందో మాత్రం...

"ఇంగొంచెం పెట్టుమా" అన్నాడు తమ్ముడు. డాక్టరమ్మ చల్లగా ఉండాలి. ఏడాదిగా ముట్టని పెరుగన్నం నేనూ తిన్నాను. నువ్వూ అక్కడ కడుపునిండా తినమ్మా.