రెండోవాడి అన్నయ్య

తుయెత్,

మీ నాన్న ఎముకలు ఉన్న చోటు తనకు తెలుసన్నాడని నువ్వు పంపిన ఖాంగ్ నిన్న వచ్చాడు. అతని వెంట అడవికి వెళ్ళవద్దు. దారి ఖర్చులకంటూ అడిగినా నీ చేతి గొలుసు తీసి ఇవ్వవద్దు.

"నానమ్మా, నీ కంటికి అందరూ దొంగలే" అంటావు. విను. అన్నం తింటూ అతను, "యుద్ధంలో మేమిద్దరం ఒకే కందకంలో పడుకునేవాళ్ళం. మీ రెండోవాడు ఎప్పుడూ వాళ్ళ అన్నయ్యనే తలచుకునేవాడమ్మా" అన్నాడు.

"ఏ అన్నయ్యని నాయనా?"

"అదేంటమ్మా, మీ పెద్దబ్బాయిని! నన్ను పరీక్షిస్తున్నారా?"

మన దక్షిణాదిలో ఒకటో అంకెను దయ్యాలకు వదిలేసి, తొలిచూలు బిడ్డనే రెండోవాడని పిలుస్తామని ఆ ఉత్తరాది మనిషికి తెలియదు. ఆ పిలుపు వీధిలో ఎవరో చెప్పి ఉంటారు. మిగతాది తనే అల్లాడు. మీ నాన్నకు ముందు నా కడుపున ఎవరూ పుట్టలేదు.

పోలీసులో ఉన్న మీ మామయ్యను వెంటబెట్టుకుని ఆదివారం రా. అందాకా ఇతన్ని కదలనివ్వను. చేపల పులుసు వడ్డిస్తూ ఇంకా అడుగుతున్నాను, కందకంలో చలికి వాడు ఏం కప్పుకునేవాడని, ఏ పాట పాడేవాడని. అన్నిటికీ అబద్ధాలే చెబుతున్నాడు. అయినా ఈ ఇంట్లో మీ నాన్న గురించి ఎవరైనా ఇంతసేపు మాట్లాడి చాలా ఏళ్ళయింది.

ఆదివారం తొందరైతే, పోనీ, సోమవారం రా.

నానమ్మ